అపార్ట్‌మెంట్లలో వైరు స్మోక్ డిటెక్టర్లు: శుభ్రం చేయడం, పరీక్షించడం, ఫాల్టు పట్టుకోవడం

"సీలింగుకి ఉన్న ఆ గుండ్రటి డబ్బా ఊరికే మోగుతోంది, ఏం చేయాలి?" "మాది ఐదేళ్లుగా ఒక్కసారీ మోగలేదు, బాగున్నట్టేనా?" విశాఖలో మా అపార్ట్‌మెంట్ అసోసియేషన్‌లో ఫైర్ అలారం బాధ్యత నా మీద పడినప్పటి నుంచి ఈ రెండు ప్రశ్నలే ఎక్కువగా వింటున్నాను. అడిగేవాళ్లు ఒకసారి ఎంవీపీ కాలనీ నుంచి, ఇంకోసారి మధురవాడ నుంచి, అంతే తేడా.

రెండిటిలో నాకు టెన్షన్ పెట్టేది రెండో ప్రశ్న. ఊరికే మోగే డిటెక్టర్ కనీసం బతికి ఉందని తెలుస్తుంది. మోగనిది బాగుందో, ఎప్పుడో పాడైందో కింద నుంచి చూస్తే తెలియదు. పొగ పెట్టి చూస్తేనే తెలుస్తుంది. ఆ పని ఏ వరుసలో చేయాలో ఇక్కడ రాస్తున్నాను.

## 1. మీ దగ్గర ఉన్నది ఏ రకం?

వైరుతో నడిచేవి మన దగ్గర రెండు రకాలు. వాటిని చూసుకునే పద్ధతులు వేరు, కాబట్టి ఇది తేల్చుకోకుండా స్టూలు ఎక్కవద్దు.

ప్యానెల్ రకం. పెద్ద అపార్ట్‌మెంట్లలో దాదాపు అన్నిచోట్లా ఇదే. వాచ్‌మన్ గదిలోనో, కింద లాబీలోనో గోడకి ఒక పెట్టె ఉంటుంది. అదే ప్యానెల్. అక్కడి నుంచి రెండు తీగల మీద 24 వోల్టుల డీసీ కరెంటు ప్రతి డిటెక్టర్‌కీ వెళ్తుంది. ఈ రకం డిటెక్టర్‌కి మామూలుగా సొంత గొంతు ఉండదు. ఎర్ర లైటు మాత్రం వెలుగుతుంది, మోగేది కారిడార్‌లోని హూటర్. బ్యాటరీలు కూడా డిటెక్టర్‌లో కాదు, ప్యానెల్లో ఉంటాయి.

ఇందులో కన్వెన్షనల్ ప్యానెల్ అయితే "జోన్ 3" అని మాత్రమే చెబుతుంది. జోన్ అంటే ఒకే లైను మీదున్న డిటెక్టర్ల గుంపు. ఆ జోన్లో ఏ డిటెక్టర్ అనేది మనం వెళ్లి వెతుక్కోవాలి. అడ్రసబుల్ ప్యానెల్ అయితే ఏ డిటెక్టర్ పట్టుకుందో తెర మీద చూపిస్తుంది.

ఇంటి కరెంటు రకం. విల్లాలు, సొంత డూప్లెక్సుల్లో కొందరు పెట్టించుకుంటున్నారు. ఇది 230 వోల్టుల లైను మీద నడుస్తుంది. కరెంటు ఉందని చెప్పడానికి సాధారణంగా ఒక పచ్చ లైటు, కరెంటు పోతే ఆదుకోవడానికి లోపల చిన్న బ్యాటరీ, మోగడానికి దానిలోనే బజర్ ఉంటాయి. కొన్నిటిని మూడో తీగతో ఒకదానికొకటి కలుపుతారు. అప్పుడు కింద ఒకటి మోగితే పైనున్నవీ మోగుతాయి.

## 2. లోపల జరిగేది

ఇప్పుడు అమ్ముతున్నవాటిలో ఎక్కువ భాగం ఆప్టికల్ రకం. లోపల నల్లటి చిన్న గది ఉంటుంది. అందులో ఒక పక్క ఎల్‌ఈడీ, ఇంకో పక్క వెలుతురు పట్టే సెన్సర్. రెండూ ఎదురెదురుగా ఉండవు కాబట్టి మామూలు గాలిలో ఆ వెలుగు సెన్సర్‌కి తగలదు. పొగ లోపలికి వచ్చిందంటే ఆ రేణువుల మీద వెలుగు పడి చెదిరి సెన్సర్ వైపు తిరుగుతుంది. కిటికీ సందులోంచి వచ్చిన ఎండలో దుమ్ము మెరుస్తుంది చూడండి, అదే సంగతి.

సెన్సర్‌కి చెదిరిన వెలుగు తెలుసు గానీ, చెదరగొట్టింది ఏమిటో తెలియదు. పొగైనా, స్నానాల గది ఆవిరైనా, సన్న దుమ్మైనా, లోపల దూరిన చిన్న సాలీడైనా దానికి ఒకటే.

దుమ్ము చేసే చెడు రెండు రకాలు. ఆ నల్లటి గది లోపల చేరితే ఊరికే మోగుతుంది. బయటి జాలీకి నూనె జిడ్డుతో కలిసి పట్టేస్తే పొగే లోపలికి వెళ్లదు, నిజంగా మంట వచ్చినా మోగదు. మొదటిది అందరూ ఫిర్యాదు చేస్తారు. రెండోది ఎవరూ చేయరు.

పాత భవనాల్లో అయొనైజేషన్ రకం కూడా తగలవచ్చు. అందులో అమెరీషియం-241 అనే రేడియోధార్మిక పదార్థం అతి కొద్దిగా ఉంటుంది. దాన్ని విప్పవద్దు, చెత్తలో వేయవద్దు, అమ్మిన సంస్థకే తిరిగి అప్పగించండి.

ఇంకో మాట. స్మోక్ డిటెక్టర్ వంట గ్యాసు లీకుని పట్టదు. ఎల్‌పీజీ గాలి కంటే బరువు, అందుకే నేల మీద పరుచుకుంటుంది. దానికి గ్యాస్ డిటెక్టర్ వేరే కావాలి, అదీ గోడకి కింది భాగంలో. వంటగదిలోకైతే పొగది కాకుండా వేడిని పట్టే హీట్ డిటెక్టర్ పెట్టించడం మంచిది. లేకపోతే ఎండుమిర్చి పోపు పెట్టిన ప్రతిసారీ బిల్డింగంతా మెట్లు దిగాల్సి వస్తుంది.

## 3. పని మొదలుపెట్టే ముందు

ఆదివారం ఉదయం పది గంటల తర్వాత పెట్టుకోండి. అందరూ లేచి ఉంటారు, వెలుతురు ఉంటుంది. పరీక్షలు రాసే పిల్లలున్న నెలల్లో ముందే అడిగి రోజు ఖాయం చేయండి.

సిద్ధం చేసుకోవాల్సినవి:

- గట్టి అల్యూమినియం నిచ్చెన, పట్టుకోవడానికి ఒక మనిషి. ప్లాస్టిక్ కుర్చీ వద్దు.
- మెత్తని బ్రష్ తగిలించిన వాక్యూమ్ క్లీనర్
- పొడి కాటన్ గుడ్డ, మెత్తని పెయింట్ బ్రష్
- చిన్న స్క్రూడ్రైవర్, మల్టీమీటర్
- డిటెక్టర్లకని అమ్మే స్మోక్ టెస్ట్ స్ప్రే
- ప్యానెల్ మాన్యువల్, జోన్ల పట్టిక
- ఒక లాంగ్ నోట్‌బుక్

ముందు రోజు అసోసియేషన్ వాట్సాప్ గ్రూపులో సమయం చెప్పండి. గ్రూపు చూడని పెద్దవాళ్ల ఇళ్లకు వెళ్లి చెప్పాలి. అలారం మోగితే లిఫ్టు కిందికి దిగేలా కలిపి ఉంటే లిఫ్టు దగ్గర ఒకరిని నిలబెట్టండి.

తర్వాత ప్యానెల్లో ఏ జోన్‌లో పని చేస్తున్నారో ఆ ఒక్కదాన్నే ఐసొలేట్ చేయాలి, అంటే మోగకుండా తాత్కాలికంగా ఆపి ఉంచాలి. మొత్తం ప్యానెల్ ఆపేయవద్దు. ఐసొలేట్ చేసిన జోన్ నంబరు, సమయం వెంటనే నోట్‌బుక్‌లో రాయండి. పని అయ్యాక తిరిగి ఆన్ చేయడం మర్చిపోవడమే నేను చూసిన అతి మామూలు పొరపాటు.

ఇంటి కరెంటు రకమైతే ఎంసీబీ దించి, టెస్టర్‌తో చూసి, పచ్చ లైటు ఆరిందని నిర్ధారించుకున్నాకే ముట్టుకోండి.

## 4. దుమ్ము తీయడం, అడుగడుగునా

మన ఊళ్లో దుమ్ము పేటకో రకం. వన్‌టౌన్‌లో పోర్టు వైపు నుంచి వచ్చే నల్లటి ధూళి, మధురవాడ, పీఎం పాలెం వైపు కొత్త కట్టడాల సిమెంటు, బీచ్ రోడ్డులో ఉప్పుతో కలిసిన జిగట తేమ. అందుకే ఏడాదికోసారి అనే లెక్క ఇక్కడ చాలదని నా అనుభవం. సముద్రం వైపు ఉన్న ఇళ్లలో మూడు నెలలకోసారి, మిగతా చోట్ల ఆరు నెలలకోసారి చేయండి.

1. హెడ్ (సీలింగుకి బిగించిన బేసులో కూర్చునే డిటెక్టర్ డబ్బా) విప్పకుండానే చుట్టూ ఉన్న జాలీ మీద వాక్యూమ్ బ్రష్ నెమ్మదిగా తిప్పండి. చాలాసార్లు దీనితోనే పని అయిపోతుంది.

2. జిడ్డు, బూజు ఇంకా ఉంటే హెడ్‌ని అపసవ్య దిశలో తిప్పితే బేసు నుంచి వస్తుంది. కొన్నిటికి పక్కన చిన్న లాక్ ఉంటుంది, స్క్రూడ్రైవర్ మొనతో నొక్కాలి. రాకపోతే బలం చేయకండి.

3. ఒకసారికి ఒక్క హెడ్ మాత్రమే తీయండి. కన్వెన్షనల్ లైనులో హెడ్ తీయగానే చాలా బేసుల్లో లైను అక్కడే తెగుతుంది, దాని తర్వాత ఉన్నవన్నీ పనిచేయవు. ప్యానెల్ ఫాల్టు చూపిస్తుంది. తిరిగి బిగించగానే పోతుంది.

4. జాలీని పెయింట్ బ్రష్‌తో, బయటి మూతని పొడి గుడ్డతో తుడవండి. నీళ్లు, కొలిన్, స్పిరిట్, థిన్నర్ ఏవీ వద్దు. నోటితో ఊదవద్దు, ఊపిరిలోని తేమ లోపలికి వెళ్తుంది.

5. ఆప్టికల్ గదిని ఇంట్లో విప్పవద్దు. అది కంపెనీ పని.

6. సవ్యదిశలో బిగించి, టక్కుమన్నాక చేత్తో కదిపి చూడండి.

తొలకరి వానలకి ఉసిళ్లు లేచినప్పుడు, వానాకాలం మధ్యలో ఒకసారి అదనంగా జాలీలు చూడండి. బాల్కనీ లైటుకి దగ్గరగా ఉన్నవాటిలో పురుగులు దూరుతాయి.

## 5. బేసు లోపలి చిలుము

విశాఖలో ఎక్కువ ఫాల్టులు డిటెక్టర్‌లో కంటే దాని వెనకే దొరుకుతాయి. హెడ్ తీసినప్పుడు బేసులోని ఇత్తడి పట్టీలని టార్చ్ వేసి చూడండి. ఆకుపచ్చగా చిలుము పట్టి ఉంటే కాంటాక్టు సరిగా లేనట్టే. లాసన్స్ బే కాలనీ, రుషికొండ వైపు అపార్ట్‌మెంట్లలో, ముఖ్యంగా తెరిచి ఉండే కారిడార్లలో ఇది తప్పక కనిపిస్తుంది.

కొద్దిపాటి చిలుముని జోన్ ఐసొలేట్ చేశాక కాంటాక్ట్ క్లీనర్ పట్టించిన గుడ్డతో తుడిచి, పూర్తిగా ఆరాక హెడ్ బిగించండి. క్లీనర్‌ని హెడ్ మీద కొట్టవద్దు. పట్టీ సన్నబడి ఉంటే, స్క్రూ తుప్పు పట్టి తిరగకపోతే బేసు మార్చేయడమే. హెడ్‌తో పోలిస్తే బేసు ఖరీదు తక్కువ.

పై అంతస్తులో శ్లాబు కారుతుంటే ముందు ఆ లీకు ఆపించండి. తడి గొట్టాల్లో ఉన్న వైరుకి ఎన్ని బేసులు మార్చినా ఫాల్టు మళ్లీ వస్తుంది.

## 6. పొగతో పరీక్ష

మా దగ్గర జరిగింది చెబుతాను. ఏఎంసీ (ఏడాది మెయింటెనెన్స్ ఒప్పందం) టెక్నీషియన్ మూడు నెలలకోసారి వచ్చేవాడు. కారిడార్‌లో ఉన్న ఎర్ర మాన్యువల్ కాల్ పాయింట్ (మంట చూసినవాళ్లు చేత్తో నొక్కే అలారం బటన్) నొక్కేవాడు, హూటర్ మోగేది, రిజిస్టర్‌లో సంతకం పెట్టి వెళ్లిపోయేవాడు. అన్నీ బాగున్నాయనే అనుకున్నాం. ఒక శుక్రవారం నాలుగో అంతస్తులో సాంబ్రాణి పొగ కారిడార్ నిండా కమ్మినా ఒక్క డిటెక్టరూ కదల్లేదు. నిచ్చెన వేసి చూస్తే, కట్టినప్పుడు దుమ్ము పడకుండా పెట్టిన ప్లాస్టిక్ టోపీలు ఆ అంతస్తులో అన్నిటికీ అలాగే ఉన్నాయి. మేం గృహప్రవేశం చేసి అప్పటికి మూడేళ్లు.

కాల్ పాయింట్ మోగితే ప్యానెల్, హూటర్ బాగున్నాయని తెలుస్తుందే గాని, డిటెక్టర్ గురించి ఏమీ తెలియదు. ప్రతి హెడ్‌కీ పొగ చూపించాల్సిందే.

1. ఐసొలేషన్ తీసేసి, ప్యానెల్ మామూలుగా ఉందని చూడండి. ప్యానెల్ దగ్గర ఒకరు ఫోనులో ఉండాలి.
2. హెడ్‌కి టోపీ, టేపు, రంగు ఏమీ లేవని చూడండి.
3. డబ్బా మీద రాసిన దూరం నుంచి టెస్ట్ స్ప్రే ఒకటి రెండు సెకన్లు కొట్టి ఆగండి.
4. సాధారణంగా అర నిమిషం లోపే ఎర్ర లైటు నిలకడగా వెలగాలి. తలుపు పైన రెస్పాన్స్ ఇండికేటర్ (గదిలోని డిటెక్టర్ మోగిందని బయటికి చూపే లైటు) ఉంటే అదీ వెలగాలి.
5. ప్యానెల్ దగ్గరున్నవాళ్లు జోన్ నంబరు చదవాలి. పట్టికలో ఉన్న నంబరూ ఇదీ ఒకటేనా అని సరిచూడండి. మా దగ్గర రెండు జోన్లు తారుమారుగా రాసి ఉన్నాయి.
6. హూటర్ ప్రతి అంతస్తులో, పడకగది తలుపు వేసుకున్నా వినిపిస్తోందా?
7. సైలెన్స్ నొక్కి, పొగ పోయాక రీసెట్ చేసి, తర్వాతిదానికి వెళ్లండి.

అగరొత్తుల కట్ట వెలిగించి పెట్టే అలవాటు చాలామందికి ఉంది. ఆ పొగలోని జిగురు లోపల పేరుకుంటుంది. నిప్పు రవ్వ కింద సోఫా మీద పడే ప్రమాదమూ ఉంది. సెంటు స్ప్రేలు అసలు వద్దు.

ఇంటి కరెంటు రకానికి టెస్ట్ బటన్ ఉంటుంది, నెలకోసారి నొక్కండి. అది లోపలి సర్క్యూట్‌నీ బజర్‌నీ చూస్తుంది. జాలీ మూసుకుపోయిందా అనేది మాత్రం ఇక్కడా స్ప్రేతోనే తెలుస్తుంది. ఎంసీబీ దించి మళ్లీ నొక్కితే బ్యాటరీ సంగతి తేలుతుంది.

## 7. ప్యానెల్ బ్యాటరీలు

చాలా ప్యానెళ్లలో 12 వోల్టుల బ్యాటరీలు రెండు వరుసగా కలిపి ఉంటాయి. మామూలుగా మూడు నుంచి ఐదేళ్లు వస్తాయి. గాలాడని వాచ్‌మన్ గది వేడికి ఇంకా తొందరగా పోతాయి. కొత్తవి పెట్టిన తేదీ వాటి మీదే మార్కర్‌తో రాయండి. మార్చేటప్పుడు రెండూ కలిపి మార్చాలి.

పరీక్ష తేలికే. ప్యానెల్‌కి మెయిన్ ఆపి, అరగంట ఆగి, కాల్ పాయింట్ నొక్కండి. హూటర్ గట్టిగా మోగాలి. గొంతు నీరసంగా వస్తే, ప్యానెల్ ఆరిపోతే బ్యాటరీలు అయిపోయినట్టే. బ్యాటరీ ఉబ్బినా, టెర్మినల్ దగ్గర తెల్లటి పొడి కట్టినా పరీక్షదాకా ఆగకండి.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు ఊళ్లో చాలాచోట్ల రోజుల తరబడి కరెంటు లేదు. ఈ బ్యాటరీలు అన్ని రోజులకి చాలవు. అలాంటప్పుడు కొవ్వొత్తులు, జనరేటర్లు వాడకం పెరుగుతుంది, అలారం మాత్రం ఉండదు. రాత్రిపూట మనుషులు వంతులవారీగా అంతస్తులు తిరిగి చూడాలి. కరెంటు వచ్చాక, పూర్తిగా ఖాళీ అయిన బ్యాటరీలు మళ్లీ నిలబడతాయో లేదో పై పరీక్ష చేసి తెలుసుకోండి.

## 8. ఊరికే మోగితే

"సార్, ఆ బటన్ నొక్కితే మోత ఆగిపోద్దండి" అంటాడు వాచ్‌మన్. నిజమే, కానీ అది మొదటి పని కాదు. మోగిన ప్రతిసారీ నిజమనుకునే వెళ్లండి.

1. ప్యానెల్‌లో జోన్ చూసి, ఆ అంతస్తుకి మెట్ల మీదుగా మనిషిని పంపండి.
2. మంట, పొగ కనిపిస్తే అందరినీ దింపి 101కి ఫోన్ చేయండి.
3. ఏమీ లేకపోతే ఎర్ర లైటు ఏ హెడ్‌కి వెలుగుతోందో చూసి రాసుకోండి.
4. అప్పుడు సైలెన్స్, ఆ తర్వాతే రీసెట్.

ముందే రీసెట్ కొడితే ఆ ఎర్ర లైటు ఆరిపోతుంది. కన్వెన్షనల్ జోన్‌లో ఏది మోగిందో ఇక తెలుసుకోలేరు. వచ్చే వారం మళ్లీ ఇదే కథ.

రాసుకున్నవి చూస్తే కారణం దొరుకుతుంది. ఎప్పుడూ ఒకే హెడ్ అయితే శుభ్రం చేయండి, తగ్గకపోతే మార్చండి. పొద్దున్న స్నానాల వేళ అయితే అది బాత్రూమ్ తలుపుకి దగ్గరగా ఉంది. భోజనాల వేళ అయితే పొయ్యికి దగ్గరగా ఉంది, కనీసం మూడు మీటర్ల దూరం ఉండాలి. ఫ్యాను రెక్కల కొసకీ, ఏసీ గాలికీ ఒక మీటరు దూరం ఉంచండి. ఆ గాలి దుమ్ముని లోపలికి తోస్తుంది, అసలు పొగని పక్కకి నెట్టేస్తుంది. చోటు మార్చాలంటే సొంతంగా చేయించకండి. డిటెక్టర్ల దూరాలకి ఐఎస్ 2189 ప్రమాణం ఉంది, అది తెలిసినవాళ్లకే అప్పగించండి.

గృహప్రవేశం హోమానికి, దీపావళి రాత్రికి ఆ ఒక్క జోన్‌నే ఐసొలేట్ చేసి, అక్కడ ఒక మనిషిని ఉంచి, తిరిగి ఆన్ చేసే సమయం ప్యానెల్ మీద చీటీ రాసి అంటించండి.

ఇంటి కరెంటు రకం నిమిషానికి ఒకసారి కిచ్‌మంటుంటే అది మంట కాదు, బ్యాటరీ తగ్గింది.

## 9. ప్యానెల్ ఫాల్టు చూపిస్తే

పసుపు లైటు వెలిగి సన్నగా బీప్ వస్తుంది. చాలామంది బీప్ ఆపేసి వదిలేస్తారు. ఆ జోన్‌లో కొంత భాగం పనిచేయడం లేదని దాని అర్థం.

ఓపెన్ ఫాల్టు: లైను ఎక్కడో తెగింది. ముందు వదులైన హెడ్ల కోసం చూడండి. ఈమధ్య ఎవరింట్లో ఇంటీరియర్ పని జరిగిందో అడగండి. లైను చివరిదాకా తెగకుండా ఉందని ప్యానెల్‌కి తెలిసేది చివరి డిటెక్టర్ దగ్గర ఉండే ఎండ్ ఆఫ్ లైన్ రెసిస్టర్ వల్ల, అది ఊడినా ఇదే వస్తుంది. దాని విలువ ప్యానెల్‌ని బట్టి మారుతుంది, మాన్యువల్‌లో ఉన్నదే వేయాలి. కొందరు ఆ రెసిస్టర్‌ని ప్యానెల్ లోపలే బిగించి ఫాల్టు పోగొడతారు. అప్పుడు లైటు ఆరుతుంది, బయట లైను మొత్తం తెగిపోయినా ప్యానెల్‌కి తెలియదు. ప్యానెల్ మూత తీయించి ఇది తప్పక చూడండి.

షార్ట్: రెండు తీగలు కలిశాయి. మేకు దిగిన చోట, నీరు చేరిన చోట వెతకండి.

ఎర్త్ ఫాల్టు: లైను తీగ ఎక్కడో ఎర్త్‌కి తగులుతోంది. వానలకి వచ్చి ఎండకి పోతుంటే తేమే కారణం. తెరిచి ఉన్న కారిడార్ల జంక్షన్ బాక్సులతో మొదలుపెట్టండి.

## 10. మార్చాల్సిన వేళ

వెనక ముద్రించిన తయారీ తేదీ నుంచి పదేళ్లు దాటితే, మోగుతున్నా సరే మార్చండి. రంగు పడిన హెడ్‌ని గీకి వాడవద్దు, అది పోయినట్టే. పెయింటింగ్ రోజుల్లో టోపీ పెట్టి, ప్రతి సాయంత్రం తీయించండి. ప్యానెల్‌కి సరిపడే కంపెనీ, మోడల్ చూసి కొనండి.

కొత్తగా పీఓపీ ఫాల్స్ సీలింగు వేయించిన ఇళ్లు కూడా ఒకసారి చూడండి. పాత డిటెక్టర్ ఆ సీలింగు పైన చీకట్లో ఉండిపోతుంది, గదిలో పొగ దానికి చేరదు. ఫాల్స్ సీలింగుకి కింద, గదివైపు ఒకటి తప్పక పెట్టించాలి.

## 11. ప్యానెల్ పక్కన అంటించాల్సిన కాగితం

పెద్ద అక్షరాలతో, ప్లాస్టిక్ కవర్‌లో పెట్టి:

- జోన్ 1 నుంచి చివరి దాకా ఏది ఏ అంతస్తు
- మోగితే వరుస: జోన్ చూడు, మనిషిని పంపు, లైటు రాయి, సైలెన్స్, రీసెట్
- ఐసొలేట్ చేసినవాళ్ల పేరు, జోన్, సమయం, తిరిగి ఆన్ చేసిన సమయం
- బ్యాటరీ పెట్టిన తేదీ
- ఈ నెల పొగ చూపించిన హెడ్ల నంబర్లు, వచ్చే నెల చూపించాల్సినవి
- ఫైర్ స్టేషన్ 101, అసోసియేషన్ బాధ్యుల ఫోన్లు

రాత్రి డ్యూటీ వాచ్‌మన్ మారిన ప్రతిసారీ అతని చేత ఈ కాగితం పైకి చదివించి, ఒకసారి సైలెన్స్, రీసెట్ అతని చేత్తోనే నొక్కించండి.